మబ్బు వెనక గోడ

పిల్ల దగ్గితే తప్పు తల్లిది. చలికాలమైనా, వానాకాలమైనా, ఎండలు మండిపోతున్నా సరే, పిల్ల ఖళ్ళుమంటే చాలు, ఇంట్లో ఉన్న కళ్ళన్నీ తల్లి వైపే తిరుగుతాయి. చల్లనీళ్ళు తాగించావా అని ఒకరు, తల సరిగ్గా ఆరబెట్టలేదా అని ఇంకొకరు. తండ్రిని అడిగే నాథుడుండడు. తండ్రిగారు ఆ సమయంలో గోడకు చేరగిలబడి ఫోను చూసుకుంటూ ఉంటారు. దగ్గుకూ ఆయనకూ ఏం సంబంధం? ఈ కథలో ఆ సంబంధం ఉంది కాబట్టే చెబుతున్నాను. ఒళ్ళు మండి చెబుతున్నాను.

ఆమె ఒక పెద్ద హోటల్లో గదులు శుభ్రం చేసే పని చేస్తుంది. ఆమె తుడిచిన దేంట్లోనైనా మొహం చూసుకోవచ్చని తోటివాళ్ళు అద్దమ్మ అని పేరు పెట్టారు. భర్త రంగుల మేస్త్రి, పనిమంతుడు. ఆయన రంగు వేసిన గోడ మీద ఎక్కడ కుంచె మొదలైందో ఎక్కడ ఆగిందో కనిపెట్టలేరు. వాళ్ళకు ఒక్కతే కూతురు. ఒకటో తరగతి. బక్కపల్చగా ఉంటుంది, నిద్ర లేచింది మొదలు వాగుతూనే ఉంటుంది, అందుకని అందరికీ పిచ్చుక అయింది. ఆ పిచ్చుకకు దగ్గు. మామూలు దగ్గు కాదు, దగ్గి దగ్గి చివరికి గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యే దగ్గు. పొద్దున లేచేసరికి ముక్కు దిబ్బడ, కళ్ళు ఎర్రగా దురద.

బడికి సెలవులిచ్చారు. పిల్లను మేస్త్రి అక్కగారింటికి పంపారు. అక్కడికి వెళ్ళిన కొద్ది రోజులకే దగ్గు మాయం.

సంతోషించాల్సిన సంగతే కదా! వదినగారు ఆ సంతోషాన్ని ఫోను స్పీకర్లో ఎలా పంచుకున్నారో వినండి.

"పిల్ల మా ఇంటికొచ్చాక ఒక్కసారి దగ్గితే ఒట్టు," అందావిడ. "మందుల్లేవు, మాకుల్లేవు. శుభ్రమైన ఇంట్లో ఉంటే మందులెందుకు? ఒరేయ్ తమ్ముడూ, సెలవులయ్యాక దాన్ని ఇక్కడే బళ్ళో వేసేద్దాం. నా దగ్గరే ఉంటుంది. ఆదివారం మీరిద్దరూ రండి, మాట్లాడేసుకుందాం. మీ ఆవిడకి ఊళ్ళోవాళ్ళ గదులు తుడవడానికే పొద్దు చాలదు. సొంత కొంప ఎక్కడ తుడుస్తుందిలే, పాపం."

ఆ 'పాపం' వింటే రాయికైనా కోపం వస్తుంది. అద్దమ్మ మొగుడి మొహం చూసింది. ఏమైనా అంటాడేమోనని.

"సర్లే అక్కా, వస్తాం," అన్నాడు మేస్త్రి.

ఫోను పెట్టేశాక అద్దమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. "సర్లే ఏంటండీ? కన్నదాన్ని నేను ఇక్కడ చచ్చానా? మీ అక్కయ్య నా పిల్లని ఎగరేసుకుపోతానంటే సర్లే అంటారా?"

"అక్కడ తగ్గింది కదే," అన్నాడు మేస్త్రి నేల చూపులు చూస్తూ. "పిల్ల బాగుండటం కావాలా, మన పంతం కావాలా?"

అక్కడ తగ్గిన మాట నిజం. ఇంటికి రాగానే మళ్ళీ మొదలవుతుందన్న మాటా నిజం. ఇంతకు ముందు సెలవుల్లోనూ అంతే జరిగింది. కన్నతల్లి ఇంట్లో జబ్బు, మేనత్త ఇంట్లో ఆరోగ్యం! దీనికి అర్థమేంటని పదిమందిని అడిగితే పదిమందీ ఆమెనే వేలెత్తి చూపిస్తారు. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా లోకులు. ఆ నిప్పు ఎవరు రాజేశారన్నది వాళ్ళకు అక్కర్లేదు.

నిజం చెప్పాలంటే ఆమె తుడిచినంతగా ఆ ఇంటిని ఎవరూ తుడవలేరు. డాక్టరు దుమ్ము పడదన్నాడు. అంతే, దుమ్ము మీద యుద్ధం ప్రకటించింది. వీధి దుమ్ము రాకుండా పిల్ల గది కిటికీ మూసేసి, సందుల్లో గుడ్డలు కుక్కింది. పొద్దునా సాయంత్రం నేల తడిగుడ్డతో తుడిచేది. ఉతికిన బట్టలు బయట ఆరేస్తే దుమ్ము పడుతుందని ఆ గదిలోనే తాడు కట్టి ఆరేసేది. చివరికి గోడ మీది మబ్బుల్ని కూడా వదల్లేదు. వాటినీ తడిగుడ్డతో తుడిచేది.

ఆ మబ్బుల సంగతి చెప్పాలి. ఆ అద్దె ఇంట్లోకి వచ్చేటప్పుడు మేస్త్రి ముందుగా వెళ్ళి, పొత్తిళ్ళలో ఉన్న కూతురి కోసం ఒక గోడంతా చెక్క షీటు కొట్టి, సందులు కనబడకుండా లప్పం పెట్టి, నీలం రంగు వేసి, దాని మీద తెల్లటి మబ్బులు గీశాడు. ఎంత బాగా గీశాడంటే, చూడటానికి వచ్చినవాళ్ళు చెయ్యి పెట్టి తడిమేవాళ్ళు. పిచ్చుకకు వాటిలో ఒక మబ్బంటే ప్రాణం. కుందేలులా ఉంటుంది. దాని మీద అరచెయ్యి ఆనిస్తే గాని నిద్రపోయేది కాదు. అందుకని మంచాన్ని ఆ గోడకే ఆనించి వేశారు.

ఆదివారం దాకా ఆగే ఓపిక అద్దమ్మకు లేకపోయింది. మేస్త్రి పొరుగూరి పనికి వెళ్తుంటే, ఆమె సెలవు పెట్టి, ఇంటికి తాళం వేసి వదినగారింటికి వెళ్ళింది. రెండు రాత్రులు కూతురి పక్కనే పడుకుంది. పిల్ల హాయిగా నిద్రపోయింది, దగ్గలేదు. తల్లికి మాత్రం కంటి మీద కునుకు లేదు. పొద్దున్నే లేచి అలవాటు కొద్దీ ఇల్లు పరికించింది. మంచం కింద దుమ్ము ఉండలు కట్టి ఉంది. టీవీ మీద వేలితో పేరు రాయొచ్చు. పరుపు దులిపి ఎన్నాళ్ళయిందో ఆ దేవుడికే తెలియాలి. కిటికీలు మాత్రం బార్లా తెరిచి ఉన్నాయి, ఎండ మంచం దాకా వస్తోంది.

'ఓరి నాయనో,' అనుకుంది అద్దమ్మ. 'ఇంత దుమ్ములో తగ్గిన దగ్గు, రవ్వంత దుమ్ము లేని నా ఇంట్లో ఎందుకొస్తోంది?'

ఆ ప్రశ్నే మోసుకుంటూ ఇంటికి వచ్చింది. తాళం తీసి తలుపు తోసింది. గుప్పుమని వాసన.

తడిసిన గోనెసంచిని మూలన పడేసి మరిచిపోతే వచ్చే వాసన. మొదట ఆమెకు వచ్చింది సిగ్గు. వదిన అన్నది నిజమేనన్నమాట, నా కొంప కంపు కొడుతోందన్నమాట! చెత్తబుట్ట చూసింది, ఖాళీ. సింకు కింద చూసింది, పొడిగా ఉంది. ఎలుక చచ్చిందేమోనని పొయ్యి గట్టు కింద బోర్లా పడుకుని మరీ వెతికింది. ఏమీ లేదు. లేచి నిలబడేసరికి వాసనా లేదు.

"ఇదెక్కడి మాయరా భగవంతుడా!" అని మెట్ల మీదకు వెళ్ళి కాసేపు కూర్చుంది. మళ్ళీ లోపలికి వచ్చింది. మళ్ళీ గుప్పున కొట్టింది. కాసేపటికి మళ్ళీ పోయింది. అప్పుడు వెలిగింది ఆమెకు. వాసన ఎక్కడికీ పోవడం లేదు, ముక్కే అలవాటు పడిపోతోంది. ఏళ్ళ తరబడి ఆ వాసనలోనే తిన్నారు, ఆ వాసనలోనే పడుకున్నారు, ఒక్కరికీ తెలియలేదు.

ఇక చూడండి ఆమె అవస్థ. మెట్ల మీదకు పోవడం, గట్టిగా గాలి పీల్చుకుని పరుగున ఒక గదిలోకి రావడం, వాసన చూడటం, మళ్ళీ బయటికి పోవడం. ఎదురింటి ముసలాయన ముక్కున వేలేసుకున్నాడు. "ఏమ్మా, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు కూడా. వంటగదిలో లేదు. ముందు గదిలో కాస్త. పిల్ల గదిలో మాత్రం ముక్కు పగిలిపోయింది. మంచం లాగేసింది. మంచం కింది సొరుగులో పిల్ల బడి బూట్లు తీసి చూస్తే, తోలు మీద ఆకుపచ్చగా నూగు. పాతబడిన రొట్టె మీద పట్టే బూజే అది. మబ్బుల గోడకు ముక్కు ఆనించి వాసన చూస్తూ వెళ్ళి, కుందేలు మబ్బు దగ్గర ఆగింది. వేలితో నొక్కింది. ఉడికిన దుంపలోకి దిగినట్టు వేలు లోపలికి దిగింది.

మేస్త్రి పని ముగించుకుని వచ్చేసరికి సాయంత్రమైంది. ఆమె ఆ గోడ ముందే కూర్చుని ఉంది. "ఏమండీ, ఈ చెక్క వెనకాల ఏముంది?"

మేస్త్రి మొహం తేలు కుట్టిన దొంగలా అయింది. "ఏముంటుంది, గోడే. ఎలకేదో చచ్చుంటుంది. నువ్వు దాని జోలికి పోకు. కష్టపడి వేసిన పని."

"మీరు తీస్తారా, నన్ను తియ్యమంటారా?"

"చెప్తుంటే వినవేం?"

ఆమె వినలేదు. ఆయన సంచిలోంచి లప్పం గీకే రేకు తీసి, షీటు అంచున దోపి, కాలు గోడకు తన్నిపెట్టి లాగింది. మేకులు తుప్పు పట్టి ఉన్నాయి, పెద్దగా బతిమాలించుకోలేదు. కుందేలు మబ్బున్న ముక్క ఊడి ఆమె చేతుల్లోకి వచ్చింది, మిగతా షీటు జారి కింద పడింది.

గోడ కనబడలేదు. గోడంతా నలుపు. మసి పూసినట్టు, పిల్ల తల ఆనే చోట నుంచి పై కప్పు దాకా. అక్కడక్కడ ఆకుపచ్చ, అక్కడక్కడ తెల్లటి నూగు. మధ్యలో పై అంతస్తు స్నానాల గదిలోంచి దిగే గొట్టం, దాని అతుకు దగ్గర మెల్లగా ఊరుతున్న నీళ్ళు. పైన ఓనరుగారు స్నానం చేస్తుంటే కింద పిల్ల గోడ తాగుతోంది. అద్దమ్మకు ఒక్కసారిగా దగ్గు వచ్చింది. మొహానికి గుడ్డైనా కట్టుకోకుండా లాగినందుకు తననే తిట్టుకుంటూ, కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది.

పైన పటారం, లోన లొటారం అని ఊరికే అన్నారా పెద్దలు!

"మీకు తెలుసు," అంది.

మేస్త్రి మంచం పట్టె మీద కూలబడ్డాడు. "ఇల్లు తీసుకునేటప్పుడు కాస్త చెమ్మ ఉంది. ఇంత లేదే, ఒట్టు, కాస్తే. ఓనరు గొట్టం బాగు చేయిస్తానన్నాడు. అందాకా కప్పెయ్యి మేస్త్రీ అన్నాడు. మా పనిలో అందరూ చేసేదే. చెమ్మ గోడ కనబడితే చెక్క కొట్టేస్తాం, మీద రంగేస్తాం. ఇంటివాళ్ళు సంతోషిస్తారు. దానికి దగ్గొస్తుందని నాకేం తెలుసు?"

"దగ్గు సంగతి తెలీదు, ఒప్పుకుంటా. చెమ్మ సంగతి తెలుసుగా? మీ అక్కయ్య నన్ను పాచిముఖందని అన్నప్పుడు తెలుసుగా? ఇల్లు తుడవడం చేతకాని దాని కడుపున పుట్టిందని నా పిల్ల మీద జాలిపడుతుంటే తెలుసుగా? అప్పుడైనా, అక్కా, ఆ గదిలో చెమ్మ ఉందని ఒక్క ముక్క నోట్లోంచి ఎందుకు రాలేదు?" పెళ్ళయిన ఇన్నేళ్ళలో రాని మాట అప్పుడు వచ్చింది. "నీ పని అందం చెడిపోతుందనే కదూ నువ్వు నోరు మూసుకున్నావు?"

'నువ్వు' అన్నందుకు మేస్త్రి కోపం కూడా తెచ్చుకోలేదు.

ఇంతలో చప్పుడు విని ఓనరుగారు దిగి వచ్చారు. గోడ చూశారు, నిమ్మకు నీరెత్తినట్టు నిలబడ్డారు. "పాత ఇళ్ళన్నాక చెమ్మ ఉండదామ్మా? మీ ఆయనే కదా కప్పింది. ఇంకో షీటు కొట్టించుకోండి. అయినా నువ్వు కిటికీలు మూసేసి, బట్టలు లోపల ఆరేసి, పొద్దస్తమానం తడిగుడ్డ పెడుతుంటే గోడ మాత్రం ఏం చేస్తుంది?"

ఆ చివరి మాటలో కాస్త నిజం ఉంది, అదే ఆమెకు ఎక్కువ మండింది. "అవునండీ, తడిగుడ్డ పెట్టాను. దుమ్మనుకుని పెట్టాను. గోడ లోపల మీ నీళ్ళున్నాయని నాతో ఎవరు చెప్పారు? చెప్పుంటే కిటికీ తెరిచేదాన్ని, మంచం జరిపేదాన్ని. మీరు కప్పించారు, ఈయన కప్పాడు, నేను పైనుంచి తుడిచాను. తిలా పాపం తలా పిడికెడు అంటే ఇదే. కానీ తిట్లు మాత్రం నా ఒక్కదానికే. గొట్టం బాగు చేయించే దాకా మీరు పైన కుళాయి తిప్పడానికి వీల్లేదు."

ఓనరుగారు మేస్త్రి వైపు చూశారు, కాస్త నచ్చజెప్పవయ్యా అన్నట్టు. మేస్త్రి నేల చూశాడు. ఓనరుగారు ఏదో గొణుక్కుంటూ మెట్లెక్కారు.

మర్నాడు ఆమె గోడను ఫోటో తీసుకెళ్ళి డాక్టరుకు చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు.

"ఈ బూజు కంటికి కనపడని పొడి రాలుస్తుందమ్మా. అది ఊపిరితో లోపలికి పోతుంది. మీకు తుమ్ములతో సరిపోవచ్చు. ఊపిరి గొట్టాలు సున్నితంగా ఉన్న పిల్లలకి ఆయాసం వస్తుంది. గోడ బాగయ్యేదాకా పాపని ఆ గదిలోకి పోనివ్వొద్దు. మీద రంగేస్తే లాభం లేదు. ముందు నీళ్ళు ఆగాలి, తడిసిన చెక్క, గోడ మీది గచ్చు తీసేయాలి, గోడ ఎండాలి. పొడిగా గీకితే ఇల్లంతా రేగుతుంది, జాగ్రత్త."

"ఇన్నాళ్ళూ దుమ్మన్నారు కదండీ?"

"అనుకున్నాను. ఎక్కడ పడుకుంటుంది, ఆ గోడలెలా ఉన్నాయి అని నేను అడగాల్సింది. అడగలేదు."

ఆ మాటైనా అన్నందుకు ఆమె ఆయన్ను క్షమించేసింది. "మరి పూర్తిగా తగ్గిపోతుందా?" అని అడిగింది.

"ఆ గదికి దూరంగా ఉంటే చాలావరకు తగ్గుతుంది. ఉబ్బసంగా మిగిలిపోతుందో లేదో ఇప్పుడే చెప్పలేను."

ఆదివారం వచ్చింది. వదినగారింట్లో భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. వదిన, ఆవిడ భర్త, మేస్త్రి, అద్దమ్మ. పిచ్చుక పెరట్లో ఆడుకుంటోంది. వదిన బడి గురించి ఎత్తుకుంది. యూనిఫారం రంగు కూడా కనుక్కుని పెట్టిందట. "నీ మీద నాకేం కోపం లేదే అమ్మాయ్," అంది మరదలితో, చిలక్కి చెప్పినట్టు. "ఎవరికి చేతనైంది వాళ్ళు చేస్తారు. పిల్లల్ని పెంచాలంటే శుచీ శుభ్రం ఉండాలి, నీకు అంత తీరికెక్కడిది?"

అద్దమ్మ సంచిలోంచి ఒక మూట తీసి బల్ల మీద పెట్టింది. దళసరి ప్లాస్టిక్ కవరు, గాలి చొరబడకుండా చుట్టూ టేపు. లోపల కుందేలు మబ్బు. కవరును మెల్లగా వెనక్కి తిప్పింది. నల్లగా, నూగు పట్టిన వెనక వైపు అందరికీ కనబడింది.

"ఛీ ఛీ, భోజనాల బల్ల మీద ఏంటిది?" అంటూ వదిన కుర్చీ వెనక్కి జరిపింది.

"నేను తుడిచిన గోడ వదినా. రోజూ రెండు పూటలా తుడిచాను. ఇటువైపు. అటువైపు ఏముందో మీ తమ్ముడికి తెలుసు. ఏమండీ, మీరు చెప్తారా, నేను చెప్పనా?"

మేస్త్రి చెప్పాడు. మింగుతూ, కక్కుతూ, 'కాస్త చెమ్మే' అన్న మాట ముందు తగిలించి మరీ చెప్పాడు. చివరికి గొట్టం సంగతీ, కప్పిన సంగతీ, డాక్టరు మాటా అన్నీ బయటపడ్డాయి. బావగారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. వదిన తమ్ముణ్ణి నాలుగు తిట్టింది. "బుద్ధుందా నీకు? కన్నపిల్లని తీసుకెళ్ళి ఆ గోడకి ఆనించి పడుకోబెడతావా?" అంది. మరదలి వైపు మాత్రం తిరగలేదు. ఇన్నేళ్ళు నిన్నన్న మాటలు తప్పమ్మా అని ఒక్క ముక్క అంటే ఆవిడ సొమ్మేం పోయింది? అనలేదు. పైగా గొంతు సవరించుకుని, "అయితే మరీ మంచిది," అంది. "ఆ ఇంటికి పిల్ల ఎలాగూ వెళ్ళకూడదు. ఇక్కడే ఉంటుంది. నేను చెప్పిందీ అదే కదా!"

"ఉంటుంది," అంది అద్దమ్మ. "గోడ ఎండేదాకా ఉంటుంది. ఓనరు గొట్టం మార్చకపోతే, ఇంకో ఇల్లు చూసుకునేదాకా ఉంటుంది. నేనూ ఉంటాను వదినా. నా బట్టలు తెచ్చేసుకున్నాను, అదిగో గుమ్మం దగ్గరే ఉంది పెట్టె. ఆయనొక్కరూ ఇంటికెళ్ళి, మొహానికి గుడ్డ కట్టుకుని ఆ గోడ చెక్కా, గచ్చూ తీస్తారు. మీకేం శ్రమ ఇవ్వను. పొద్దున్నే లేచి ముందు మీ మంచాల కిందా, టీవీ మీదా ఉన్న దుమ్ము దులిపేస్తాను."

బావగారు నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించారు.

పెరట్లోంచి పిచ్చుక పరిగెత్తుకుంటూ వచ్చింది. బల్ల మీద కవరు చూసి, "అయ్యో, నా కుందేలు! దీన్ని ఎందుకు తీసేశారు?" అని చెయ్యి చాపింది. అద్దమ్మ చటుక్కున కవరు వెనక్కి లాగింది. నల్లటి వైపు పిల్ల కంట పడనే పడింది. పిల్ల అత్తను చూసి, తల్లిని చూసి, చిన్న గొంతుతో అడిగింది.

"అమ్మా, నువ్వు సరిగ్గా తుడవలేదా?"

ఎవరి మాటలు ఆ నోట్లోకి వచ్చాయో అక్కడ అందరికీ తెలుసు. ఈ సెలవుల్లో పిల్ల చెవిన పడినవి ఆ మాటలే. అద్దమ్మకు కళ్ళు చెమర్చాయి. ఓనరుకు జవాబు చెప్పిన మనిషి, వదినకు జవాబు చెప్పిన మనిషికి, ఆరేళ్ళ కూతురికి చెప్పడానికి నోట మాట రాలేదు.

మేస్త్రి లేచాడు. కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఈసారి ఆయన్ను ఎవరూ చెప్పమనలేదు.

"అమ్మ రోజూ తుడిచిందిరా," అన్నాడు. "బాగా తుడిచింది. నేనే దాచిపెట్టాను. నీకు దగ్గొచ్చింది నా వల్ల."

వదిన కిటికీలోంచి పెరటి వైపు చూస్తూ కూర్చుంది. అద్దమ్మ కవరును సంచిలో పెట్టేసి, కళ్ళు తుడుచుకుంది.

"ఇంకోసారి చెప్పండి," అంది మొగుడితో. "మీ అక్కయ్యకి వినపడలేదు."